అవతలి దీపం

పొద్దుగూకాక ఆ సందులోకి ఎవరూ వెళ్ళరు. పార్సిళ్ళు తెచ్చే కుర్రాళ్ళు కూడా సందు మొదట్లోనే బండి ఆపి, చుట్టుపక్కల వాళ్ళకి ఇచ్చేసి పోయేవాళ్ళు. ఇప్పుడా అవసరం కూడా లేదు. ఇంటికి ముందూ వెనకా తాళాలే.

నేను కళ్ళారా చూశానని కోతలు కొయ్యను. ఆ ఇంటికి కరెంటు పనులు చేసినవాడు చెప్తే విన్నాను. వాణ్ణి అందరూ షాకు అంటారు. తీగ ముట్టుకున్నప్పుడల్లా షాకు కొట్టించుకుని ఇంకా బతికే ఉన్నాడని ఆ పేరు. వాడికి చెప్పింది స్వయంగా ఆ ఇంటి టైలరే... మంచంలో గోడవైపు తిరిగి పడుకుని, గొంతు తగ్గించి చెప్పాడట. విన్నది విన్నట్టు చెబుతాను. నమ్మడం, మానడం మీ ఇష్టం.

ఆ ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందొక వీధి, వెనకొక వీధి. ఇంటి పక్కనే ఈ వీధి నుంచి ఆ వీధిదాకా ఒకటే సందు. ఆ సందు నడిమధ్య బల్ల వేసుకుని పెద్ద టైలరు బట్టలు కత్తిరించేవాడు. మన టైలరుకి తండ్రి.

"చేతినిండా బట్ట పట్టుకుని వస్తుంటే స్విచ్చి ఎవడు నొక్కుతాడ్రా?" అని సందుకి ఆ చివరొకటి, ఈ చివరొకటి దీపాలు పెట్టించాడు పెద్దాయన. ఒక్కో దీపానికీ గోడకి ఒక కన్ను. కన్నంటే మరేం లేదు, మనిషి కదిలితే పసిగట్టే చిన్న బుడిపె. మనిషి వస్తే దీపం వెలుగుతుంది. మనిషి కదలకుండా ఉన్నా, వెళ్ళిపోయినా కాసేపటికి ఆరిపోతుంది.

పెద్దాయనకి ఇద్దరు కొడుకులు. ఇద్దరికీ పనితనం ఇచ్చాడు గానీ బుద్ధి ఇవ్వలేకపోయాడు. పెద్దవాడు, అంటే మన టైలరు, ఆడవాళ్ళ బట్టలు కుట్టేవాడు, చిన్నవాడు మగవాళ్ళవి. దారపుండ దగ్గర మొదలైన గొడవ తాతల దాకా పోయేది. పెద్దాయన ఒక్క మాట అనేవాడు కాదు. చేతిలో ఉన్న పెద్ద కత్తెర పైకెత్తి గాల్లో రెండుసార్లు ఆడించేవాడు.

కచక్... కచక్.

అంతే, ఇద్దరి నోళ్ళూ మూతపడేవి. పెళ్ళాలొచ్చాక కూడా ఆ చప్పుడు వింటే ఇద్దరూ తలలొంచుకుని మిషన్ తొక్కేవాళ్ళు.

పెద్దాయన పోయాడు. నెల తిరక్కుండానే వాటాలు. ముందు సగం అన్నకి, వెనక సగం తమ్ముడికి. గిన్నెలు పంచుకున్నారు, గుండీల డబ్బాలు పంచుకున్నారు. చివరికి తండ్రి కత్తెర మిగిలింది. ఇద్దరికీ కావాలి. ఒకడికి ఇవ్వడానికి ఇంకొకడికి మనసొప్పదు. ఏం చేశారో తెలుసా? మర ఊడదీసి, రెండు రెక్కలూ విడగొట్టి, చెరొకటి పట్టుకుపోయారు! దేనికి పనికొస్తుంది ఒక రెక్క? అయినా సరే, అన్న తన రెక్కని కుట్టుగదిలో మేకుకి తగిలించాడు. తమ్ముడూ అలాగే చేశాడని వినికిడి.

తరవాత గోడ. సందుకి అడ్డంగా, సరిగ్గా పెద్దాయన బల్ల ఉండే చోట గోడ కట్టేశారు. పక్కింటివాళ్ళు ఒకరిద్దరు "ఆయన కూర్చున్న చోటే కడతారా?" అని నసిగారు. ఎవరు వింటారు?

దీపాల తీగలన్నీ ఆ మధ్యలోనే ఒక పెట్టెలో కలిసేవి. వాటిని విడగొట్టడానికి షాకుని పిలిచారు.

"రెండు వైపులకీ తిరుగుతూ చూసుకోవాలండీ" అన్నాడు షాకు.

"వాడి వైపు కాలు పెట్టావంటే మళ్ళీ నా గుమ్మం తొక్కకు" అన్నాడు అన్న.

గోడ అవతల నుంచి తమ్ముడు కూడా అదే మాట అన్నాడు. షాకు ఏం చేస్తాడు? అన్న వైపు నిలబడి గోడ కంతలోంచి తీగలు అవతలికి తోశాడు. ఏ తీగ ఎక్కడికి పోతుందో అవతలికెళ్ళి చూడ్డానికి ఇద్దరూ వీల్లేదన్నారు. తమ్ముడు తన వైపు కొసలు తనే కలుపుకున్నాడు. సరిగ్గా కలిశాయా లేదా అని పరీక్షించడానికి ఒకరి మొహం ఒకరు చూడాలి కదా, అది జరగని పని. షాకు చెమట తుడుచుకుని వెళ్ళిపోయాడు.

అది ఎండాకాలం. పొద్దు పొడుగు కాబట్టి దీపాలతో పని పడలేదు. పొద్దు తగ్గాక మొదలైంది అసలు కథ.

ఒకావిడ జాకెట్టు కొలతలు ఇవ్వడానికి సాయంత్రం పూట సందులోకి వచ్చింది. దీపం కిందనుంచే నడిచింది. వెలగలేదు. సరే, పాడైందేమో అనుకుని కుట్టుగది గుమ్మం ఎక్కింది. అప్పుడు... వెనకాల ఖాళీ సందులో దీపం గుప్పున వెలిగింది.

ఆవిడ వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. కాసేపటికి దానంతటదే ఆరింది. మళ్ళీ వెలిగింది. ఆవిడ బట్ట అక్కడే పడేసి పరుగో పరుగు. మర్నాటికల్లా వీధి వీధంతా ఒకటే మాట, పెద్ద టైలరు తన బల్ల వెతుక్కుంటున్నాడని. సాయంత్రం బేరాలు పడిపోయాయి. ఆడవాళ్ళు పనుల్లోంచి వచ్చాకే కదా టైలరు దగ్గరికి వచ్చేది? వాళ్ళు మానేస్తే ఇంకేముంది!

టైలరు భార్య మెత్తటి మనిషి, కానీ మాట పట్టుకుంటే వదలదు.

"ఈ ఇంట్లో నేనుండలేను. అమ్మేద్దాం" అంది.

"సగం ఇల్లు ఎవడు కొంటాడే? కొంటే వాడే కొనాలి."

"ఆయనకే ఇచ్చేద్దాం."

"వాడికా? నేను మూటాముల్లె సర్దుకుని పోతుంటే వాడు గుమ్మంలో నిలబడి చూడాలా?"

అదీ సంగతి. ఆ ఇంటిలోంచి ముందు ఎవరు కదిలితే వాళ్ళు ఓడినట్టు. టైలరుకి దెయ్యం భయం లేకపోలేదు. కానీ తమ్ముడి ముందు ఓడిపోవడమంటే అంతకన్నా భయం.

అందుకని కొత్త దీపం కొనుక్కొచ్చాడు. దీపం, కన్ను రెండూ ఒకే దాంట్లో ఉన్న రకం. షాకుని పిలవలేదు. వాడు చాటుగా తమ్ముడింటికి కూడా వెళ్తాడేమో, అక్కడ ఏం వాగుతాడో. మెయిన్ ఆపి, స్టూలు ఎక్కి, పాతది తనే విప్పాడు. తుప్పు పట్టిన మరలు ఓ పట్టాన రాలేదు. దీపం గ్లాసు నిండా చచ్చిన పురుగులు. గోడలోంచి వచ్చిన రెండు తీగలకి కొత్తది తగిలించి, టేపు చుట్టి, మరలు బిగించాడు. పాత కన్ను గోడమీద అలాగే ఉంది. పాడైన దాన్ని విప్పడమెందుకులే అని వదిలేశాడు.

మెయిన్ వేసి సందులోకి వచ్చాడు. మసక పడుతోంది.

చెయ్యి ఊపాడు. వెలగలేదు. నడిచాడు. వెలగలేదు. అటూ ఇటూ గెంతాడు, రెండు చేతులూ పైకెత్తి ఊగాడు. ఎవరన్నా చూస్తే ఇతనికే దెయ్యం పట్టిందనుకునేవాళ్ళు. దీపం మాత్రం ఉలకదు, పలకదు.

విసుగొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు... కదలకుండా.

దీపం వెలిగింది.

టైలరు ఉలిక్కిపడి చుట్టూ తిరిగి చూశాడు. కొత్త దీపం... ఇప్పుడే అట్టపెట్టెలోంచి తీసిన దీపం. సందు ఈ కొస నుంచి ఆ గోడదాకా తెల్లగా కనబడుతోంది. ఎవరూ లేరు. పారిపోదామంటే గుమ్మం ఎటుందో కూడా గుర్తుకు రాలేదు.

అప్పుడు అవతల దబ్బుమని బకెట్టు కిందపడ్డ చప్పుడు.

ఆ వెంటనే మరదలి గొంతు, గుసగుసగా, వణుకుతూ... "ఏమండీ, ఇందాకట్నుంచీ వెలిగే ఉంది. సందులో ఎవరూ లేరు. నేనొచ్చేటప్పటికే వెలుగుతోంది."

"మాట్లాడకు. లోపలికి రా" అన్నాడు తమ్ముడు. వాడి గొంతూ వణుకుతోంది.

అడుగుల చప్పుడు లోపలికి పోయింది. కాసేపటికి ఇవతల దీపం ఆరిపోయింది. గోడ మీదుగా అవతలి వెలుగు ఒక్కటే కనబడుతోంది. టైలరు కదలకుండా చూస్తూ నిలబడ్డాడు. అదీ ఆరింది. చెయ్యి పైకెత్తాడు. గోడ అవతల వెలుగు లేచింది.

అప్పుడు అర్థమైంది. తీగలు తారుమారయ్యాయి. తన వైపు కన్ను చూస్తే తమ్ముడి దీపం వెలుగుతుంది. తమ్ముడి వైపు కన్ను చూస్తే తన దీపం వెలుగుతుంది. తన దీపానికి కరెంటు కూడా తమ్ముడి మీటరు నుంచే వస్తోంది. ఇన్నాళ్ళూ రెండిళ్ళ వాళ్ళూ తమ తమ సందుల్లో తిరుగుతూ ఒకళ్ళనొకళ్ళు హడలగొట్టుకుంటున్నారు. తనని పీడించిన దెయ్యం తమ్ముడే. తమ్ముణ్ణి పీడిస్తున్న దెయ్యం తనే.

ఇంకెవరన్నా అయితే గోడెక్కి "ఒరేయ్, ఇదిరా సంగతి" అని నవ్వేవాళ్ళు. ఇతను నోట్లో చొక్కా చేయి కుక్కుకుని నవ్వాడు.

లోపలికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆమెకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"హమ్మయ్య. అయితే వాళ్ళకీ చెప్పెయ్యండి. పాపం, మనలాగే చస్తూ బతుకుతుంటారు."

"చెప్పావంటే చూడు" అన్నాడు టైలరు. "మనం కదలక్కర్లేదింక. వాళ్ళే కదులుతారు."

మర్నాటి నుంచి మసక పడగానే సందులోకి వెళ్ళేవాడు. మేకుకి ఉన్న తండ్రి కత్తెర రెక్క తీసుకుని మరీ వెళ్ళేవాడు. ఒక అడుగు వేసేవాడు, అవతల వెలుగు లేచేది. ఆగేవాడు, ఆరేది. మళ్ళీ అడుగు. మధ్యమధ్యలో ఆ రెక్కతో గోడని మెల్లగా గీరేవాడు... గర్ర్... గర్ర్... అవతల తలుపులు ధనాధన్ మూసుకునేవి. మరదలు ఏడవడం వినబడేది. తమ్ముడు ఏదో గొణుక్కోవడం వినబడేది. ఇతనికి అదొక వేడుక. కుట్టుపని సగంలో ఉన్నా సరే, ఆ వేళకి లేచి వెళ్ళాల్సిందే.

తమ్ముడు ఒకసారి షాకుని రమ్మన్నాడు. వాడు ఒళ్ళు బాగోలేదని తప్పించుకున్నాడు. పెట్టె విప్పితే తన పనితనం బయటపడుతుందని వాడి భయం వాడిది. ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు కూడా వాడు నా మొహం చూడలేదు.

ఒక సాయంత్రం టైలరు గోడ గీరుతుండగా అవతల కెవ్వుమని అరుపు, ఎవరో జారిపడ్డ చప్పుడు. తరవాత తమ్ముడి గొంతు... "చెయ్యి కదపకు. కదపకు అంటున్నానా." మరదలి మణికట్టు విరిగింది. గుండీలు కుట్టేదీ, అంచులు మడిచేదీ ఆ చేతే.

టైలరు ఆ రాత్రి సరిగ్గా తినలేదు. మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. భార్య పళ్ళెం ముందు పెట్టి, "నేను వెళ్ళి చెప్పేస్తాను" అంది.

"ఇప్పుడు చెప్తే ఏమంటారు? ఆ చెయ్యి విరగ్గొట్టింది మనమే అంటారు."

"కాదా మరి?"

ఆ తరవాత ఆమె అతనితో మాట్లాడ్డం మానేసింది. అన్నానికి కూడా పిలిచేది కాదు, పళ్ళెం చప్పుడు చేసి పెట్టి వెళ్ళిపోయేది. రెండ్రోజులు సందులోకి వెళ్ళలేదు టైలరు. మూడోనాడు మళ్ళీ రెక్క తీశాడు.

ఇంకెన్నాళ్ళో పట్టలేదు. వెనక వీధిలోకి ట్రక్కు వచ్చింది. మిషన్లు, మంచాలు, మూటలు ఎక్కించారు. మరదలు చేతికి కట్టుతో ముందు సీట్లో కూర్చుంది, ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదట. తమ్ముడు తండ్రి కత్తెర రెక్కని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. అద్దె ఇల్లు ఎక్కడో ఊరికి అవతల. సందులో దీపాన్ని మాత్రం విప్పలేదు. దాని మీద చెయ్యి వెయ్యడానికి వాళ్ళకి ధైర్యం చాలలేదు. కరెంటు తీసెయ్యమని తమ్ముడు ముందే రాసిచ్చాడట, సాయంత్రానికల్లా కరెంటువాళ్ళు వచ్చి మీటరు కూడా పీక్కుపోయారు. టైలరు వెనక వీధి మలుపులో నిలబడి అంతా చూశాడు. పెళ్ళి చూసినంత సంబరం.

"గెలిచాం" అని భార్యతో అన్నాడు.

ఆమె వంటింట్లోంచే చాన్నాళ్ళకి నోరు విప్పింది. "ఇప్పుడైనా ఆ తీగలు సరిచేయించండి. ఇంక వాళ్ళు లేరుగా, ఎవర్ని భయపెడతారు?"

"చేయిద్దాంలే. తొందరేముంది? అవతల మనిషీ లేడు, కరెంటూ లేదు. మన దీపం ఇంక చచ్చినా వెలగదు."

మసక పడింది. అలవాటుగా కాళ్ళు సందులోకి నడిచాయి. చేతిలో రెక్క ఉంది. అడుగు వేస్తే గోడ అవతల వెలుగు లేచింది. తన వైపు కన్ను, తన మీటరు, అది పని చేస్తుంది కదా. చూసేవాళ్ళు లేరు. ఏదో వెలితిగా అనిపించింది. భయపడేవాడు లేకపోతే ఏం సరదా? స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చల్లగా ఉంది. అవతలి వెలుగు ఆరిపోయింది.

ఇల్లంతా నాదే ఇక, అనుకున్నాడు.

దీపం వెలిగింది.

అవతలిది కాదు... తన నెత్తి మీదది.

"ఎవడ్రా అవతల?" అన్నాడు. ముందు కోపమే వచ్చింది. తమ్ముడు తిరిగొచ్చాడనుకున్నాడు. ఎలాగో సంగతి కనిపెట్టి, తన విద్య తన మీదే ప్రయోగిస్తున్నాడనుకున్నాడు. "దమ్ముంటే గోడెక్కి రారా" అన్నాడు.

దీపం ఆరింది. మళ్ళీ వెలిగింది. ఒక అడుగు వేసి ఆగినట్టు... మళ్ళీ అడుగు వేసినట్టు. ఇన్నాళ్ళూ తను ఎలా చేశాడో అచ్చం అలాగే.

అప్పుడు గుర్తొచ్చింది మీటరు. పీక్కుపోయారు. తన కళ్ళతో చూశాడు. అవతల చుక్క కరెంటు లేదు. ఈ దీపానికి కరెంటు రావలసింది అక్కడి నుంచే.

టైలరు దీపం వంక చూస్తూ ఉండిపోయాడు. అది వెలుగుతూనే ఉంది. భార్యని పిలుద్దామని నోరు తెరిచాడు.

గోడ అవతల... సరిగ్గా బల్ల ఉండే చోట...

కచక్... కచక్.

తెరిచిన నోరు మూతపడింది. మూసింది తను కాదు, దానంతటదే మూసుకుంది, చిన్నప్పటిలాగే. ఆ చప్పుడు ఒక రెక్కతో రాదు. రెండూ కలవాలి. ఒక రెక్క తన చేతిలో ఉంది. రెండోది ఊరికి అవతల, తమ్ముడి ఒళ్ళో.

"నాన్నా..." అన్నాడు, పెదాలతోనే. "తీగలు రేపే సరిచేయిస్తాను. వాణ్ణి పిలుచుకొస్తాను. గోడ తీయించేస్తాను..."

దీపం ఆరిపోయింది.

చీకటి. చప్పుడు లేదు. టైలరు వింటూ కూర్చున్నాడు. వెళ్ళిపోయాడు, విన్నాడు, వెళ్ళిపోయాడు అనుకున్నాడు. అయినా లేవలేదు. కదిలితే తన వైపు కన్ను చూస్తుంది, అవతలి దీపం వెలుగుతుంది, మళ్ళీ ఏం మొదలవుతుందో అని భయం. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కాళ్ళు దగ్గరికి లాక్కోవాలనిపించినా లాక్కోలేదు. రెప్ప వేయలేదు. ఊపిరి కూడా బిగబట్టాడు. సందులో ఇటువైపు కదిలే ప్రాణి ఏదీ లేదు.

గోడ అవతల దీపం వెలిగింది.